మూడు కాలేజీలు చూసొచ్చిన పిల్ల

దూరాన్ని పూజించే మతం ఒకటి మన ఇళ్లలో నడుస్తోంది. దానికి గుడి లేదు, పూజారి లేడు. అందుకే మూఢనమ్మకాల మీద ఇంతకాలంగా రాస్తున్న నాలాంటివాళ్లం కూడా దాని జోలికి పెద్దగా పోలేదు. పక్క ఊరి డాక్టరు కన్నా పట్నం డాక్టరు గొప్ప. పక్క వీధి బడి కన్నా బస్సెక్కి పోయే బడి గొప్ప. ఎందుకు గొప్ప అని అడిగి చూడండి. దూరం కాబట్టి అంటారు. దగ్గరి కాలేజీలో చేరిన పిల్లను చూసి, ఎక్కడా సీటు దొరకలేదా పాపం అని జాలిపడతారు. ఆ కాలేజీ గేటు కూడా దాటి చూడనివాళ్లు ఆ జాలి పడడం మరీ విచిత్రం.

ఈ మధ్య ఒక వేసవిలో మా అక్క కూతురు ఈ నమ్మకాన్ని ఎదుర్కొన్న తీరు నేను దగ్గరుండి చూశాను. చర్చావేదికల మీద నా జీవితంలో చాలా భాగం గడిచింది. అంత శుభ్రమైన వాదన అక్కడ నేను తరచుగా వినలేదు.

అక్కవాళ్లది తాండూరు దగ్గరి యాలాల్. గొర్రెలే వాళ్ల బతుకు, దాంతోపాటు కొంచెం కంది చేను. బావా, ఆయన తండ్రీ మంద వెంట తిరిగి పెరిగినవాళ్లే. పిల్ల తాండూరులో ఇంటర్ చదివింది, బైపీసీ. వానలు మొదలవగానే గొర్రెపిల్లలు కడుపు ఉబ్బి ఎందుకు పడిపోతాయో తెలుసుకోవాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ పట్టు. ఊళ్లో కొందరు దిష్టి అన్నారు, కొందరు అమ్మవారి కోపం అన్నారు. ఈ పిల్ల మాత్రం కడుపులో కంటికి కనిపించని పురుగేదో ఉంటుంది, దాన్ని నేను చూడాలి అనేది. పశువైద్యం సీటుకు మార్కులు చాలలేదు. కొన్నాళ్లు మూలన కూచుని ఏడ్చింది. తర్వాత లేచి, మైక్రోబయాలజీ ఉన్న డిగ్రీ చదువుతానంది. మైక్రోస్కోపు తన చేత్తో పట్టుకుని, తన కంటితో చూసే చదువు కావాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఇక ఏ కాలేజీ అన్నది ప్రశ్న. ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టే గడువు దగ్గర పడుతోంది. అక్క ఫోన్ చేసింది. ఇంట్లో మగవాళ్లంతా హైదరాబాద్ అంటున్నారట, పిల్ల అవునని గానీ కాదని గానీ అనడం లేదట, నువ్వు వచ్చి ఏదో ఒకటి తేల్చు అంది. నేను ఉండేది వికారాబాద్‌లో. ఆదివారం పొద్దున రైలెక్కి తాండూరులో దిగి, ఆటోలో యాలాల్ చేరాను.

వాకిట్లో మంచాలు వేసి ఉన్నాయి. నేను కూచున్నానో లేదో పిల్ల తాత మొదలుపెట్టాడు. వరస ప్రకారం ఆయన నాకు మామ. మాట కరుకు, మనసు నిదానం.

"ఎండకాలం ఈడనే ఉన్న మందకు ఎముకలు తేలినయి. కర్ణాటక దిక్కు తోలుకపోయిన మంద నిగనిగలాడుకుంట వచ్చింది. నా కండ్లతోటి చూసిన ముచ్చట ఇది. మేత దూరంల ఉంటది బిడ్డా. సదువు గూడ గంతే."

నాకు ఇది కొట్టిపారేసే వాదన అనిపించలేదు. జాతకం చూసి మాట్లాడేవాడితో పేచీ సులువు. ఈయన అనుభవం చూసి మాట్లాడుతున్నాడు. తరాల తరబడి మందల్ని బతికించింది దూరప్రయాణమే. ఎండాకాలంలో ఊరు విడిచి కదలని కాపరిని ఆ కులంలో సోమరి అని పిలిచేవారు. దూరం పోవడం అంటే కష్టపడడం, కష్టపడడం అంటే బతకడం. గడ్డి విషయంలో నిజమైన సంగతిని ఆయన పరీక్ష లేకుండా కాలేజీల మీదికి తెచ్చాడు. పొరపాటు అక్కడ జరిగింది. గొర్రెలు కాసినవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు అది, అందులో నిజాయితీ ఉంది.

బావ వాదనలో ఆ నిజాయితీ కొంచెం తక్కువ. హైదరాబాద్‌లో చదువుతోంది అని చెప్తే చుట్టాలలో ఆ మాట బరువే వేరట. పైగా పంచాంగం చూసే ఆయనను అడిగి వచ్చాడు. పిల్ల జాతకానికి తూర్పు దిక్కు కలిసొస్తుందని చెప్పాడట. నేను నోరు తెరిచేలోపే పిల్ల మెల్లగా అంది:

"వికారాబాద్ గూడ ఈడికి తూర్పుకే ఉన్నది నాయినా."

అక్క నవ్వు దాచుకోవడానికి పొయ్యి దిక్కు తిరిగింది. నేను వారం రోజులు ఉపన్యసించినా ఆ పంచాంగాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టించలేకపోయేదాన్ని.

తర్వాత ఆమె తాత మంచం దగ్గరికి పోయి నేల మీద కూచుంది.

"తాతా, మంద తోలే ముందు ఒక మనిషి ముంగల పోయి చూసొస్తడు గదా?"

"పోతడు. పోకుంటె ఎట్ల? మంద అంతా పోయినంక ఆడ మేత లేకుంటె?"

"మరి నా కాలేజీలు ఎవరు చూసొచ్చిన్రు?"

ఆయన బావ వైపు చూశాడు. బావ నా వైపు చూశాడు. ఆ కాలేజీలను ఎవరూ చూడలేదు. టీవీలో ప్రకటన చూశారు, బస్టాండు దగ్గర బోర్డు చూశారు, ఎవరి కొడుకో అక్కడ చదివాడని విన్నారు.

"ఎవరు పోలే. నన్ను పోనియ్యి. మూడు చూసొస్త. పట్నంది, తాండూర్‌ది, వికారాబాద్‌ది. ఆడ మేతుంటె పట్నమే పోత."

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. నావైపు తిరిగి, "నీ గాలి సోకింది దీనికి. వకీలు అయితది గానీ డాక్టరు గాదు" అని ఎత్తిపొడిచాడు. కానీ ఒప్పుకున్నాడు. తన కులాచారాన్నే ముందు పెడితే కాదనడానికి ఆయనకు దారి లేదు. ఒప్పుకోవడమే కాక, మేత చూడబోయే మనిషికి చెప్పవలసినవి చెప్పాడు. ఆయన చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"గడ్డిని ఎవడైనా చూస్తడు. పచ్చగ కనవడంగనె మురుస్తడు. ఆడ అప్పటికే మేస్తున్న మంద ఉంటది చూడు, దాని దగ్గరికి పో. గొర్రె పక్కటెముకల మీద చెయ్యి పెట్టు. మనిషి అబద్ధం ఆడతడు, గొర్రె ఆడదు."

వెళ్లేముందు నేను కూడా నాకు తెలిసిన సలహాలు ఇచ్చాను. ప్రిన్సిపాల్‌ను కలువు, ఎందరు పాసయ్యారో అడుగు, ఎవరికి ఏ ఉద్యోగాలు వచ్చాయో అడుగు అన్నాను. శ్రద్ధగా విని, "ఆఫీసోళ్లు గడ్డిని చూపిస్తరు చిన్నమ్మా" అంది. ఆమె ఎక్కడికి పోయినా ఒకే ప్రశ్న అడగాలని నిర్ణయించుకుంది. అది కూడా ఆఖరి ఏడు చదివేవాళ్లను, ఆఫీసుకు దూరంగా ఉన్నప్పుడు అడగాలి. మైక్రోస్కోపులో ఆఖరుసారి ఏం చూసినవు? అంతే.

నిష్పాక్షికంగా పరీక్షించడం గురించి నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. అందరికీ ఒకే ప్రశ్న వేయడం, జవాబు తనకు నచ్చినా నచ్చకపోయినా ఒకే చెవితో వినడం, అదే దాని సారం. డిగ్రీలో ఇంకా చేరని పిల్ల దాన్ని ఎవరూ చెప్పకుండా పట్టుకుంది.

ముందు హైదరాబాద్ పోయాం. ఆ కాలేజీ పేరు అవసరం లేదు. అద్దాల భవనం, శుభ్రమైన వరండాలు, చల్లటి లైబ్రరీ. ఆ లైబ్రరీలో ఆమె కాళ్లు నిలిచిపోయాయి. సూక్ష్మజీవుల పుస్తకాలున్న బీరువా ముందు నిలబడి ఒక్కొక్క అట్టనూ వేలితో తడిమింది. ఒక పుస్తకం తీసి, రంగుల బొమ్మలున్న పేజీ దగ్గర అలాగే ఉండిపోయింది. నేను పిలవలేదు. ఆ ఆకలి నాకు తెలుసు.

క్యాంటీన్‌లో మూడో ఏడు అమ్మాయిలు మాకు జరిగి చోటిచ్చారు. మంచి పిల్లలు, కలుపుగోలు పిల్లలు. ప్రశ్న వినగానే ఒకరినొకరు చూసుకుని నవ్వారు. బ్యాచ్ పెద్దదట, ప్రాక్టికల్ రోజున తమ వంతు వచ్చేసరికి గంట కొట్టేస్తారట, రికార్డులో బొమ్మలు సీనియర్ల రికార్డు చూసి వేస్తారట. దాచాలని వాళ్లకు తోచలేదు, అది వాళ్లకు మామూలు సంగతి. ఒక్క అబ్బాయి మాత్రం వేరుగా చెప్పాడు. సెలవు రోజుల్లో లెక్చరర్ వెంటపడి ల్యాబ్ తెరిపించుకుని, పెరుగులోని సూక్ష్మజీవుల్ని చూశాడట. చెప్తుంటే అతని మొహం వెలిగిపోయింది. పిల్ల అతనితో చాలాసేపు మాట్లాడింది.

తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి కూచుంది. ధారూరు దాటాక, ఆ లైబ్రరీ కోసమైనా పోవచ్చు చిన్నమ్మా అంది. నోటి చివరిదాకా వచ్చిన మాటల్ని మింగాను. తీర్పు ఆమెది.

తాండూరు కాలేజీ ఇంటికి అన్నిటికన్నా దగ్గర. అక్క మనసులో ఉన్నది ఇదేనని నాకు తర్వాత తెలిసింది. పొద్దున పోయి సాయంత్రానికి బిడ్డ ఇంట్లో ఉంటుంది. అక్కడ పిల్ల ప్రశ్న అడిగే అవసరమే రాలేదు. వరండాలో కలిసిన ఒక లెక్చరర్ మమ్మల్ని కూచోబెట్టి, ఏం చదవాలనుకుంటున్నావని అడిగాడు. చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నీకు కావాల్సిన గ్రూపు మా దగ్గర లేదమ్మా. మాకు పిల్లలు కావాలె, అది నిజమే. గట్లని నిన్ను ఇంకో గ్రూపుల కూసోబెడితే మూడేండ్లు నన్ను తిట్టుకుంటవ్."

వికారాబాద్‌లో ఆ సబ్జెక్టు చెప్పే మేడం ఒకామె ఉన్నారని, ఆమె దగ్గరి పిల్లలను కలవమని ఆయనే చెప్పాడు. తన కాలేజీకి రావలసిన విద్యార్థిని పక్క కాలేజీకి దారి చూపించి పంపిన మాస్టారు ఆయన. విద్యను సంతగా మార్చారని మనం వేదికల మీద బల్లలు గుద్దుతాం. ఆ సంతలో నిలబడి సరుకు అమ్మనని చెప్పే మనిషిని నేను ఆ రోజు చూశాను. దగ్గరిదైనంత మాత్రాన అన్నీ ఉండవన్న సంగతి కూడా అక్కడే తేలింది. సంగతి విని అక్క మొహం చిన్నబోయింది. అయినా కాదనలేదు.

ఇక వికారాబాద్. నేను రోజూ కూరగాయలకు పోయే దారిలోనే ఉంది ఆ కాలేజీ. గోడలకు సున్నం పెచ్చులు లేచింది. కిటికీకి ఒక రెక్క లేదు. హైదరాబాద్ అద్దాలు చూసివచ్చిన కంటికి అది చాలా బీదగా కనిపించింది. పిల్ల మొహంలో నిరుత్సాహం నేను గమనించాను.

మెట్ల మీద ముగ్గురు అమ్మాయిలు కూచుని ఉన్నారు. చెప్పులకు బురద, మధ్యలో ఒక సీసా, అందులో పాచి రంగు నీళ్లు. అనంతగిరి కింద ఏదో మడుగులోంచి తెచ్చారట. పిల్ల తన ప్రశ్న అడిగింది. జవాబుగా కొట్లాట మొదలైంది.

"పొద్దుగాల్నే చూసినం. చెప్పు లెక్క ఉన్నది ఒకటి, ఉన్నకాడనే గిరగిర తిరుగుతున్నది" అంది ఒకామె.

రెండో ఆమె ఊరి ముస్లిం అమ్మాయి. అబద్ధం చెప్పకంటూ తెలుగూ దక్కనీ కలిపి తిప్పికొట్టింది. "ఝూట్ నక్కో బోల్. అది తిరుగుతలేదు, తిరుక్కుంట ముంగటికి పోతున్నది. నువ్వు జర సేపు చూసి కన్ను తీసినవ్, నేను మస్తుసేపు చూసిన."

మూడో ఆమె ఇద్దరికీ కండ్లు కనిపించవని తేల్చింది. చివరికి, మాకెందుకు ఈ పరేషాన్, నువ్వే వచ్చి చెప్పు అని మా పిల్ల చెయ్యి పట్టుకుని ల్యాబ్‌లోకి లాక్కుపోయారు. నేను వెనకే నడిచాను. లోపల ఉన్నవి కొన్నే మైక్రోస్కోపులు. అవి పాతవి. చేతులు పట్టి పట్టి వాటి నల్లరంగు పోయి ఇత్తడి బయటపడింది.

పిల్ల వంగి కన్ను పెట్టింది. అప్పుడే మేడం లోపలికి వచ్చారు. తెలియని పిల్ల తన ల్యాబ్‌లో మైక్రోస్కోపు మీద వంగి ఉంది, తలుపు దగ్గర నేనొక తెలియని మనిషిని. నేను పరిచయం చెప్పబోతే ఆమె చేత్తో ఆగమన్నారు.

"ఏం కనపడుతున్నదో చెప్పమ్మా. పేరు తర్వాత చెప్దువు గానీ."

"చెప్పు లెక్క ఉన్నది మేడం. చుట్టూ సన్న వెంట్రుకలున్నయి. ఊగుతున్నయి."

"అన్నీ ఒక్కసారే ఊగుతున్నయా?"

పిల్ల మళ్లీ చూసింది.

"లేదు మేడం. ఒకదాని ఎనక ఒకటి. గాలికి వరి చేను ఊగినట్టు పోతున్నది."

మేడం ఏమీ మెచ్చుకోలేదు. మిగతా ముగ్గురి వైపు తిరిగి, మీరు దీన్ని ఎందుకు చూడలేదు అని అడిగారు. వాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ మైక్రోస్కోపు దగ్గరికి పోయారు. అప్పుడు మేడం మా పిల్లను కూచోబెట్టి, తమ దగ్గర లేనివన్నీ చెప్పారు. లైబ్రరీలో పుస్తకాలు పాతవి. కరెంటు పోతే ఎదురుచూడడమే. కొన్ని పరికరాలు బొమ్మల్లోనే చూడాలి. ఇవన్నీ ఇంట్లో చెప్పి రా, చెప్పకుండా వస్తే రేపు నన్ను అడుగుతారు అన్నారు. సంకోచం లేకుండా తన లోపాలు తానే చెప్పుకునే సంస్థను నేను నమ్ముతాను. వ్యక్తులకైనా మతాలకైనా నేను పెట్టే పరీక్ష అదే.

మరునాడు యాలాల్‌లో అదే వాకిలి, అవే మంచాలు. మా చర్చావేదికల్లో పాత నియమం ఒకటుండేది. అవతలివాడి వాదనను అతని కన్నా బాగా చెప్పగలిగాకే నీ వాదన మొదలుపెట్టాలి. ఈ పిల్లకు నేను ఎప్పుడో చెప్పి ఉంటాను, నాకు గుర్తు లేదు. ఆమె అలాగే మొదలుపెట్టింది. హైదరాబాద్ లైబ్రరీ గురించి చెప్పింది. పెరుగును పరీక్షించిన అబ్బాయి గురించి చెప్పింది. అక్కడ నలుగురితో తిరిగితే ధైర్యం వస్తుందని, ఇంగ్లిష్ వస్తుందని చెప్పింది. బావ మంచం మీద నిటారుగా కూచున్నాడు. మరింకేంది, పట్నమే ఖాయం చెయ్యి అన్నాడు.

"ఇంక అయిపోలే నాయినా" అని వికారాబాద్ సంగతి చెప్పింది. సున్నం పెచ్చుల నుంచి మొదలుపెట్టి, లేని పుస్తకాలు, పోయే కరెంటు, తర్వాత సీసాలో నీళ్లు, కొట్లాట, మేడం అడిగిన ప్రశ్న. ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు.

తాత మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక ఆయన వేసిన ప్రశ్నకు నేను లోపల చప్పట్లు కొట్టాను. నాకు తట్టని ప్రశ్న అది.

"పట్నం మందల గూడ బలిసిన గొర్రె ఒకటున్నదంటివి. గది నువ్వు ఎందుకు గావు?"

పిల్ల నేల మీద పుల్లతో గీతలు గీసింది.

"అయితనేమో తాతా. కానీ ఆయన ఒక్కడే అయిండు. వికారాబాద్‌ల నేను అడిగినోళ్లందరు చూసిన్రు. చూసి కొట్లాడుకుంటున్రు. ఒక్కదాన్నే గెలుసుడు కన్న నాకు గా కొట్లాటనే నచ్చింది. పుస్తకాలు కావాల్నంటె పట్నం రైలు యాడికి పోతది? ఐతారం పోయి ఆడ సర్కారు లైబ్రరీల చదువుకొస్త."

బావ చేతులు నలుపుకున్నాడు. "అంతా మంచిగనే ఉన్నది. నలుగుర్ల ఏమని చెప్పాలె? ఇంత దూరం సదివిచ్చి వికారాబాద్‌ల ఏసిన్రంటరు."

అప్పుడు ముసలాయన లేచి కూచున్నాడు. బావతోనే మాట్లాడాడు, మమ్మల్ని చూడలేదు.

"నేను చెప్త తియ్యి. మేత దూరముండె గన్క దూరం పోయినం. దగ్గరుంటె దగ్గరికే తోల్తం. మనకు గావాల్సింది మేతరా, నడక గాదు."

నేను ఎందరినో ఓడించాను, ఎందరి చేతుల్లోనో ఓడాను. ఓడినవాడు ఇల్లు చేరేలోపు తన పాత మాటకే తిరిగిపోవడం చూశాను. చదువుకున్నవాళ్లం ఇందులో మరీ ఘనులం. జీవితమంతా కాళ్లతో నడిచి సంపాదించిన నమ్మకాన్ని, కొడుకూ కోడలూ వింటుండగా, కోపం లేకుండా, గొంతు తగ్గకుండా ఇలా సవరించుకున్న మనిషి నాకు మళ్లీ తారసపడలేదు. హేతువాదం అని మనం పుస్తకాల్లో రాసుకునేది మనుషుల్లో ఇలా ఉంటుంది.

గడువు ముగిసే ముందు రోజు తాండూరులోని ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాం. బావ, పిల్ల, నేను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు మార్కులు చూడగానే మమ్మల్ని అడగకుండా హైదరాబాద్ కాలేజీలు తెరిచాడు. మంచి మార్కులున్నోళ్లందరూ అవే పెడుతున్నారన్నాడు. బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏమంటాడో అని నేను కూడా భయపడ్డాను.

"మొదటిది వికారాబాద్ పెట్టు. బిడ్డ చూసొచ్చింది."

కుర్రాడు పిల్ల వైపు చూశాడు. ఆమె తల ఊపింది. రెండోది ఏం పెట్టాలని అడిగాడు. పిల్ల హైదరాబాద్ కాలేజీ పేరు చెప్పింది. ఇదేందని బావ ఆశ్చర్యపోతే, అది గూడ మంచిదే నాయినా, నాకు రెండోది, అంతే అంది.

సీటు మొదటి ఆప్షన్‌కే వచ్చింది. చేరడానికి పోయే పొద్దున తాండూరు స్టేషన్‌కు బావే దింపాడట. ప్లాట్‌ఫాం మీద ఎదురైన చుట్టం ఒకాయన, పిల్ల ఎక్కడ చదువుతుందని అడిగాడట. వికారాబాద్ అని బావ గట్టిగానే చెప్పాడట. ఆయన జాలిగా మొహం పెట్టేలోపే రైలు వచ్చింది, పిల్ల ఎక్కి కిటికీ పక్కన కూచుంది.